నలభై బాక్సులు



నేను పాఠం చెప్పే క్లాసులో మొదటి సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఉంది. ఊరు పుంగనూరు దారిలో. వాళ్ళ నాయన టమోటా పండిస్తాడు, కాయ కోసినప్పుడల్లా మదనపల్లె మార్కెట్‌కు తోలుకొస్తాడు. ఆ అమ్మాయి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు నెలలు కాకముందే వాళ్ళ నాయన కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. ఎన్ని బాక్సులు పోయాయి, బాక్సు ధర ఎంత, మండీ కమీషన్ ఎంత, బండి బాడుగ ఎంత అని ఒక్కొక్కటే అడిగి, చివరికి చేతికి ఎంత వస్తుందో చెప్పే ప్రోగ్రాం. పాఠ్యపుస్తకంలో లేని లెక్కను, తన ఇంట్లో రోజూ జరిగే లెక్కను తీసుకుని రాసింది. నాకు చాలా సంతోషమైంది.

శనివారం ఇంటికి పోయి నాయనను పక్కన కూర్చోబెట్టుకుంది. తెర మీద మొదటి ప్రశ్న వచ్చింది: ఎన్ని బాక్సులు? ఆయన ఒక్కో మీట వెతుక్కుంటూ నలభై అని అంకెల్లో కొట్టి, దాని పక్కన బాక్సులు అన్న మాట కూడా కొట్టాడు. ఎంటర్ నొక్కగానే తెర నిండా ఇంగ్లీషు వరుసలు వచ్చిపడ్డాయి. అన్నిటికన్నా కింద వాల్యూ ఎర్రర్ అని ఉంది. ప్రోగ్రాం ఆగిపోయింది. ఆయన చేతులు వెనక్కి తీసుకుని, "నాకు రాదులేమ్మా, నువ్వే కొట్టు" అని లేచి వెళ్ళిపోయాడు.

సోమవారం ఆ అమ్మాయి నాతో అన్న మాట ఇది: "మా నాయనకు అది కొట్టేది తెలీలేదు సార్."

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఎన్ని బాక్సులు అని అడిగితే నలభై బాక్సులు అని జవాబు చెప్పాడు. అంతకన్నా సరైన జవాబు ఇంకేముంటుంది? మార్కెట్‌లో మండీ గుమస్తా అడిగినా ఆయన అట్లాగే చెబుతాడు, గుమస్తా నలభై అని రాసుకుంటాడు. తెలియనిది ఆయనకు కాదు. అడగడం తెలియనిది ఆ ప్రోగ్రాంకు. అయినా తప్పు తనదే అనుకుని లేచిపోయింది మాత్రం ఆయనే. మన ప్రాంతంలో కంప్యూటర్ ముందు కూర్చున్న ఎంతమంది పెద్దవాళ్ళు ఇట్లా లేచిపోయారో! ఈరోజు నేను మాట్లాడబోయేది దీని గురించే. కొత్తగా ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న పిల్లలు మనిషిని ఒక సంఖ్య అడిగేటప్పుడు ఎట్లా అడగాలి, వచ్చిన జవాబును ఎట్లా పరీక్షించాలి, సరిపోకపోతే ఏమని చెప్పాలి అన్నది నేటి విషయం.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మీటల పలక మీద మనం నాలుగు, సున్నా కొడితే కంప్యూటర్‌కు నలభై అందదు. నాలుగు అనే ఒక గుర్తు, సున్నా అనే ఇంకొక గుర్తు అందుతాయి. పైథాన్‌లో ఇన్‌పుట్ అనే ఆదేశం ఎప్పుడూ అక్షరాల వరుసనే తెచ్చి ఇస్తుంది. దాన్ని సంఖ్యగా మార్చే పని మనదే. మార్చకుండా ఇరవై ఐదును ఇరవై ఐదుతో కూడమంటే యాభై రాదు, రెండు వేల ఐదువందల ఇరవై ఐదు వస్తుంది, ఎందుకంటే అది రెండు మాటలను పక్కపక్కన అతికిస్తుంది. ఆ అమ్మాయి మొదటి రోజు బాక్సుల సంఖ్యను మార్చి ధరను మార్చడం మరిచిపోయింది. బాక్సు 500 రూపాయలు, నలభై బాక్సులు అంటే 20,000 రావాలి కదా. తెర మీద 500 అన్న మూడు గుర్తులు నలభై సార్లు వరుసగా వచ్చాయి, మొత్తం 120 అంకెలు. కొత్తవాళ్ళు అందరూ ఒకసారి చేసే పొరపాటే ఇది. ఒకసారి చేస్తే మళ్ళీ మరిచిపోరు.

గుర్తును సంఖ్యగా మార్చడానికి పైథాన్‌లో ఇంట్ అనే పనిముట్టు ఉంది. దానికి కొన్ని అలవాట్లు ఉన్నాయి. ముందూ వెనకా ఖాళీ వదిలితే పట్టించుకోదు, నలభైనే తీసుకుంటుంది. చుక్క పెట్టి నలభైన్నర అంటే ఒప్పుకోదు. 1,25,000 అని కామాలు పెట్టి కొడితే అస్సలు ఒప్పుకోదు. మన బడిలో, మన బ్యాంకు పుస్తకంలో, మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో లక్షా ఇరవై ఐదు వేలను కామాలు లేకుండా ఎవరు రాస్తారు? కామా పెట్టడం మనిషి జాగ్రత్తకు గుర్తు. జాగ్రత్తగా రాసినవాణ్ణి తప్పు పట్టే ప్రోగ్రాం మంచి ప్రోగ్రాం ఎట్లా అవుతుంది? సంఖ్యగా మార్చేముందు కామాలు తీసేయమని ఒక్క వరుస రాస్తే చాలు. చివర గీత గీసి చిన్న అడ్డగీత పెట్టే అలవాటూ మనకు ఉంది, ఐదువందలు మాత్రమే అనే అర్థంలో. దాన్నీ తీసేయవచ్చు. చెల్లించే మొత్తం అడుగుతున్నప్పుడు రూపాయల గుర్తునూ తీసేయవచ్చు. మనిషి చెప్పిన దాంట్లో అర్థం స్పష్టంగా ఉన్నప్పుడు సర్దుకోవలసింది యంత్రమే.

ఇక్కడ మన భాషకు సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. ఇది చాలామంది లెక్చరర్లకు కూడా తెలియదు. తెలుగు అంకెల్లో ౪౦ అని కొట్టినా పైథాన్ దాన్ని నలభై అనే తీసుకుంటుంది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో గుర్తింపునిచ్చే యూనికోడ్‌లో తెలుగు అంకెలకు కూడా అంకెలన్న గుర్తింపు ఉంది కాబట్టి ఆ పని జరుగుతుంది. కన్నడ అంకెలు కొట్టినా, తమిళ అంకెలు కొట్టినా అంతే. మూడు భాషల అంకెలను ఒకే సంఖ్యలో కలిపి కొట్టినా ఒప్పుకుంటుంది. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో, ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష, రైల్లో ఒక భాష మాట్లాడే ఊళ్ళో, ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. అయితే ఒక చిక్కు ఉంది. తెలుగులో సున్నా రెండు. ఒకటి అంకెల్లో ఉండే సున్నా. ఇంకొకటి అక్షరాల పక్కన చేరే సున్నా, వ్యాకరణంలో పూర్ణానుస్వారం అంటారు. కంటికి రెండూ గుండ్రంగానే ఉంటాయి, పేరూ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం రెండూ వేరువేరు. ఫోన్‌లో తెలుగు మీటలతో కొట్టేవాడు నాలుగు వేసి పక్కన అక్షరాల సున్నా పెడితే, చూసేవాళ్ళందరికీ నలభైగానే కనిపిస్తుంది, పైథాన్ మాత్రం వాల్యూ ఎర్రర్ అంటుంది. కొట్టినవాడు వంద సార్లు చూసుకున్నా తప్పు ఎక్కడుందో కనుక్కోలేడు. తెలుగువాళ్ళ కోసం ప్రోగ్రాం రాసేవాళ్ళు ఈ రెండో సున్నాను గుర్తుపట్టి మొదటి సున్నాగా మార్చాలి. ఈ పని బయటి దేశంవాళ్ళు వచ్చి చేసిపెట్టరు. సున్నాను సున్నా అని పిలిచే మనకే దాని అవసరం తెలుస్తుంది.

ఇంత సర్దుకున్నా ఒక్కోసారి సంఖ్య కాని జవాబు వస్తుంది. అప్పుడేం చేయాలి? ఎర్రర్ వచ్చినప్పుడు ఆగిపోకుండా పట్టుకునే ఏర్పాటు పైథాన్‌లో ఉంది. ప్రయత్నించు, కుదరకపోతే ఇది చెయ్యి అని రాసుకుంటాం. దాని చుట్టూ ఒక లూప్ వేసి, సరైన సంఖ్య వచ్చేవరకు మళ్ళీ అడుగుతాం. ఐదారు వరుసల పని.

దీన్ని క్లాసులో చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ మన రిషివ్యాలీ గుర్తొస్తుంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన బడి అది. ఆ లోయ చుట్టుపక్కల పల్లెల్లో నడిచే చిన్న బడుల కోసం అక్కడివాళ్ళు ఒక పద్ధతి తయారుచేశారు. గోడ మీద నిచ్చెన లాంటి పట్టిక, దాని మెట్లకు తగ్గ కార్డులు. పిల్ల ఒక పాఠం కార్డు తీసుకుంటుంది, అభ్యాసం కార్డు చేస్తుంది, తర్వాత పరీక్ష కార్డు. పరీక్షలో రాకపోతే సున్నా మార్కులు వేసి పంపరు. ఎక్కడ తడబడిందో దానికి తగిన ఇంకో కార్డు ఇచ్చి, మళ్ళీ అదే మెట్టుకు తీసుకొస్తారు. పక్క పిల్ల ఎంత ముందుకు పోయినా ఈ పిల్ల భయపడదు. ఒక టీచరే అన్ని తరగతులనూ చూసుకునే బడికి ఇది ప్రాణం పోసింది, ఇతర రాష్ట్రాలకూ పాకింది. మంచి లూప్ చేయవలసిన పని సరిగ్గా ఇదే. తప్పు అని చెప్పి ఊరుకోకుండా, ఏది సరిపోలేదో చెప్పి, ఒక ఉదాహరణ చూపించి, అదే ప్రశ్న దగ్గరికి మళ్ళీ తీసుకురావాలి. "చెల్లని ఇన్‌పుట్" అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? "బాక్సుల లెక్క అంకెల్లో చెప్పండి. ఉదాహరణకు 40" అని రాస్తే అందరికీ అర్థమవుతుంది. ఈ రెండో వాక్యం రాయడానికి పట్టే సమయం అర నిమిషం.

లూప్ విషయంలో ఒక హెచ్చరిక. పిల్లలు తొందరలో ఏ ఎర్రర్ వచ్చినా సరే పట్టుకో అని రాసేస్తారు. అప్పుడు మనిషి విసిగిపోయి కంట్రోల్, సి మీటలు నొక్కి బయటికి పోదామనుకున్నా, దాన్ని కూడా ఎర్రర్‌గానే పట్టుకుని మళ్ళీ అదే ప్రశ్న అడుగుతుంది. తలుపు గడియ పెట్టి ప్రశ్నలు వేసినట్టు. వాల్యూ ఎర్రర్‌ను మాత్రమే పట్టుకోమని పేరు పెట్టి రాయాలి, మనిషి వెళ్ళిపోదామంటే వెళ్ళనివ్వాలి. సి భాష నేర్చుకునేవాళ్ళకు ఇంకో రకం చిక్కు. అక్కడ స్కాన్‌ఎఫ్ అనే ఆదేశం అంకెల కోసం చూస్తుంది. అక్షరం కనిపిస్తే దాన్ని తీసుకోదు, పక్కకు తీసి పారేయదు కూడా. అది అక్కడే ఉంటుంది. లూప్ తిరిగి వచ్చి మళ్ళీ చూస్తే మళ్ళీ అదే అక్షరం. పిండి మర గొట్టంలో రాయి ఇరుక్కుంటే మర ఎంత తిరిగినా గింజ దిగదు చూడండి, అట్లాగన్నమాట. తెర మీద ఒకే వరుస వేల సార్లు పరుగెత్తుతుంటే పిల్లలు బెదిరిపోయి కంప్యూటర్ ఆపేస్తారు. మందు సులువైనదే: వరుస మొత్తాన్ని ముందు మాటగా చదువుకుని, తర్వాత దాంట్లోంచి సంఖ్యను తీయాలి.

సరే, సంఖ్య వచ్చింది. అది జరగగల సంఖ్యేనా? ఇది రెండో పరీక్ష. పిల్లలు ఇక్కడే ఎక్కువ పొరపాటు పడతారు, ఎందుకంటే హద్దులను తమ గదిలో కూర్చుని ఊహించుకుంటారు.

ఆ అమ్మాయి బాక్సు ధరకు పైహద్దు 2,000 రూపాయలు పెట్టింది. ఎందుకమ్మా అంటే, అంతకన్నా ఎప్పుడు పోతుంది సార్ అంది. 2023 జూలై గుర్తు చేశాను. ఆ నెలాఖరుకు మదనపల్లె మార్కెట్‌లో మేలైన టమోటా కిలో దాదాపు 200 రూపాయల దాకా పోయింది. దేశంలోని పత్రికలన్నీ మన మార్కెట్ ధర రాశాయి. బాక్సుకు 25 కిలోలు అనుకుంటే 5,000 రూపాయలు. రైతు జీవితంలో ఒక్కసారి వచ్చే ధర వచ్చిన రోజున ఈ ప్రోగ్రాం "ధర తప్పు, మళ్ళీ కొట్టండి" అని ఉండేది. కిందిహద్దు సంగతీ అంతే. కిలో రెండు మూడు రూపాయలకు పడిపోయి, కోత కూలి కూడా గిట్టదని కాయను రోడ్డు పక్కన పారబోసిన రోజులూ మనం చూశాం. యాభై రూపాయల బాక్సు అసాధ్యమని ప్రోగ్రాం అనకూడదు. రైతుకు ఆ ధర ఎంత బాధగా ఉన్నా అది నిజమైన ధర.

పుంగనూరు ఆవు ఇంకో ఉదాహరణ. పశువుల వివరాలు రాసుకునే ఒక ప్రోగ్రాంను మా పిల్లలు అభ్యాసంగా చేశారు. ఆవు ఎత్తు ఎంత అన్న చోట ఒకబ్బాయి కిందిహద్దు 100 సెంటీమీటర్లు పెట్టాడు. ఎదిగిన ఆవు అంతకన్నా పొట్టిగా ఉండదని అతని నమ్మకం. మనిషి భుజం దాకా వచ్చే ఒంగోలు జాతిని మనసులో పెట్టుకుంటే అది నిజమే. కానీ మన పుంగనూరు ఆవు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లే. ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో అది ఒకటి. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడడానికి ఏళ్ళ తరబడి పాటుపడుతున్నారు. అంత శ్రమపడి కాపాడుకుంటున్న ఆవును, పుంగనూరు పక్క ఊరి పిల్లవాడు రాసిన ప్రోగ్రాం ఆవే కాదు పొమ్మంటుంది! హద్దు పెట్టేముందు ఆ పని తెలిసినవాళ్ళను అడగాలి. టమోటా హద్దు మండీలో అడగాలి, ఆవు హద్దు పశువుల డాక్టరును అడగాలి. అడిగిన తర్వాత కూడా రెండు రకాల హద్దులు పెట్టుకోవడం మంచిది. మైనస్ ఐదు బాక్సులు ఉండవు, దాన్ని ఒప్పుకోనక్కర్లేదు. బాక్సు 5,000 అన్నది అరుదు, కానీ ఉంటుంది, దాన్ని "చాలా ఎక్కువ ధర, ఇదేనా?" అని అడిగి తీసుకోవాలి.

హద్దు రాసే తీరులో ఒక కిటుకు ఉంది. దశాంశాలు తీసుకునే ఫ్లోట్ అనే పనిముట్టుకు ఎన్, ఎ, ఎన్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఇస్తే ఎర్రర్ రాదు. సంఖ్య కానిది అనే అర్థం వచ్చే ఒక విచిత్రమైన విలువగా దాన్ని ఒప్పుకుంటుంది. అది దేనికన్నా ఎక్కువా కాదు, దేనికన్నా తక్కువా కాదు. సున్నాకన్నా తక్కువైతే వద్దు, పదివేలకన్నా ఎక్కువైతే వద్దు అని రాస్తే, ఈ విలువ రెంటికీ చిక్కకుండా లోపలికి వచ్చేస్తుంది. లెక్కలన్నీ దాని వల్ల పాడవుతాయి. అదే, సున్నాకూ పదివేలకూ మధ్య ఉంటేనే రానివ్వు అని రాస్తే బయటే ఆగిపోతుంది. రాకూడనివాటిని ఎంచి ఆపడం కన్నా రావలసినదాన్ని చూసి రానివ్వడం ఎప్పుడూ నయం. సున్నా విషయమూ మరిచిపోకండి. ఏ సంఖ్యతోనైనా భాగించబోతుంటే అది సున్నా కాదని చూసుకోవాలి. 1997 సెప్టెంబరులో అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌన్‌లో ఒక గడిలో సున్నా పడింది, దానితో భాగించబోయి కంప్యూటర్లు కుప్పకూలాయి, నౌకను నడిపే యంత్రాలు ఆగిపోయాయి. వర్జీనియా తీరంలో అంత పెద్ద నౌక దాదాపు రెండుముప్పావు గంటల సేపు కదలకుండా నిలబడింది.

ఇప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టే సంగతికి వస్తాను. సంఖ్య అయి, హద్దుల్లో ఉండి, అయినా మనిషి చెప్పాలనుకున్నది కాని సంఖ్య.

మన దగ్గర భూమిని ఎకరాలు, సెంట్లలో చెబుతాం. ఎకరానికి వంద సెంట్లు. రెండెకరాల యాభై సెంట్లు అంటే 2.50. ఇంతవరకూ దశాంశానికీ మన లెక్కకూ తేడా లేదు. అయితే రెండెకరాల ఐదు సెంట్లు ఉన్న రైతును "భూమి ఎంత?" అని ఒకే గడిలో అడిగితే ఏం కొడతాడు? రెండు, చుక్క, ఐదు అని కొడతాడు. ఆయన మనసులో అది రెండెకరాల ఐదు సెంట్లే. కంప్యూటర్‌కు అది రెండున్నర ఎకరాలు. నలభై ఐదు సెంట్ల తేడా, అంటే 2,178 చదరపు గజాలు. ఇది సంఖ్యే కాబట్టి మొదటి పరీక్ష దాటుతుంది. రెండున్నర ఎకరాలు మామూలు కమతమే కాబట్టి రెండో పరీక్షా దాటుతుంది. ఏ ఎర్రర్ రాదు, ఏ ఎర్ర అక్షరాలూ కనిపించవు. తప్పు నిశ్శబ్దంగా లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. మొదట చెప్పిన నలభై బాక్సుల తప్పు దీనికన్నా మంచిది, ఎందుకంటే అది వెంటనే బయటపడింది.

కుప్పం దాటి కోలారు వైపు వెళ్ళండి, లెక్కే మారిపోతుంది. కర్ణాటకలో ఎకరానికి నలభై గుంటలు. అక్కడివాడు చీటీ మీద 2.20 అని రాస్తే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే సరిగ్గా రెండున్నర ఎకరాలు. అదే చీటీ మన వైపు చదివితే రెండెకరాల ఇరవై సెంట్లు. ఒకే సంఖ్య, ముప్పై సెంట్ల తేడా. సరిహద్దుకు ఇటూ అటూ భూములున్న కుటుంబాలు, ఇటు పిల్లనిచ్చి అటు తెచ్చుకున్న కుటుంబాలు ఉన్న చోట ఇది ఊహ కాదు. తెలంగాణలోనూ గుంటల లెక్కే.

ఈ తప్పును ఏ పరీక్షా పట్టలేదు. అడిగే తీరు మార్చుకోవడం ఒక్కటే దారి. ఒకే గడిలో అడగకుండా ఎకరాలు ఒక గడిలో, సెంట్లు ఇంకో గడిలో అడగాలి. సెంట్లు సున్నా నుంచి తొంభై తొమ్మిది వరకే ఉండాలి. తర్వాత మొత్తాన్ని మాటల్లో తిరిగి చదవాలి: "రెండు ఎకరాల ఐదు సెంట్లు. సరేనా?" మనవాళ్ళు ఇది తరతరాలుగా చేస్తున్నదే. బ్యాంకు చెక్కు మీద మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయమంటారు. ప్రామిసరీ నోటు రాసేవాడూ అంతే, అక్షరాలా ఇరవై వేలు మాత్రమే అని రాస్తాడు. సంఖ్య జారిపోతుందని, మాట పట్టుకుంటుందని వాళ్ళకు తెలుసు.

ఇంకో రకం ఉంది. చూడడానికి సంఖ్య, నిజానికి పేరు. ఫోన్ నంబరు, ఆధార్ నంబరు, పిన్‌కోడ్, పొలం సర్వే నంబరు. ఇద్దరి ఫోన్ నంబర్లు కూడితే అర్థం ఏమైనా ఉందా? లేదు. కూడడానికి పనికిరానిదాన్ని సంఖ్యగా మార్చవద్దు, మాటగానే ఉంచండి. సర్వే నంబరు 145/2ఎ అని ఉంటే దాన్ని ఇంట్ చేయబోయి రైతును మళ్ళీ తప్పు పట్టవద్దు. వీటికి పరీక్షలు వేరు. 1972 ఆగస్టు 15న దేశంలో మొదలైన పిన్‌కోడ్‌కు ఆరు అంకెలు ఉండాలి, మొదటిది సున్నా కాకూడదు. కానీ చూడండి: మదనపల్లె 517325, కుప్పం 517425. ఒక్క అంకె తేడా. మూడు బదులు నాలుగు పడితే మదనపల్లెకు రావలసిన ఉత్తరం తమిళనాడు సరిహద్దున ఉన్న కుప్పానికి పోతుంది. పిన్‌కోడ్‌లో తప్పు పట్టే అంకె ఏదీ లేదు. అందుకే కొట్టగానే పక్కన ఊరి పేరు చూపించాలి. ఆధార్‌లో ఆ ఏర్పాటు ఉంది. పన్నెండు అంకెల్లో చివరిది ముందున్న పదకొండింటి నుంచి లెక్కగట్టి పెట్టినది. నెదర్లాండ్స్‌కు చెందిన వెర్హాఫ్ అనే గణితవేత్త 1969లో చెప్పిన పద్ధతి అది. ఒక అంకె మారినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా వెంటనే తెలిసిపోతుంది. కూలికి పోయే ప్రతి మనిషి జేబులోనూ ఇంత చక్కని గణితం ఉందని నా విద్యార్థులకు చెబుతుంటాను. ఆ పద్ధతిని స్వయంగా రాసి చూడమంటాను.

సంఖ్యను తిరిగి చదివి సరేనా అని అడిగితే చాలదు, దాన్ని మనిషి చదివేలా అడగాలి. 2005 డిసెంబరు 8న టోక్యోలో మిజుహో సెక్యూరిటీస్ ఉద్యోగి ఒకరు జె-కామ్ అనే కంపెనీ షేరు ఒకటి 6,10,000 యెన్‌లకు అమ్మబోయి, ఒక్కోటి ఒక యెన్ చొప్పున 6,10,000 షేర్లు అమ్ముతామని కొట్టారు. ఆ కంపెనీకి ఉన్న మొత్తం షేర్లే 14,500. ఉన్న షేర్లకు నలభై రెట్లు అమ్మజూపడం అసాధ్యమని ఏ హద్దుకైనా తెలియాలి. తెర మీద హెచ్చరిక వచ్చింది, కానీ దాన్ని దాటేశారు. రద్దు చేయబోతే స్టాక్ ఎక్స్ఛేంజి కంప్యూటర్ రద్దు చేయలేదు. నష్టం 4,000 కోట్ల యెన్‌ల పైనే. ప్రతి చిన్నదానికీ హెచ్చరిక చూపే ప్రోగ్రాంలో మనిషి వేలు సరే మీదనే ఉంటుంది, కన్ను హెచ్చరిక మీద ఉండదు. అరుదుగా అడగండి. అడిగినప్పుడు ఆ సంఖ్యను ప్రశ్నలోనే పెట్టి అడగండి.

ఇందాక కుప్పం పేరు చెప్పాను కదా, దానితో ఇంకొకటి గుర్తొస్తుంది. 2002లో హ్యూలెట్ పాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు వచ్చాయి. పొదుపు సంఘాల మహిళలు డిజిటల్ కెమెరా, సూర్యకాంతితో నడిచే చిన్న ప్రింటరు పట్టుకుని ఊరూరా ఫోటోలు తీసి అక్కడికక్కడే ఇచ్చారు. చేతికి అందేలా తయారుచేసి ఇస్తే మన పల్లెవాళ్ళు ఏ యంత్రాన్నైనా వాడగలరని ఇరవై ఏళ్ళ కిందటే ఆ మహిళలు చూపించారు. అందుకే నాకు రాదులేమ్మా అన్న ఆ మాటను నేను ఒప్పుకోలేను.

ఆ అమ్మాయి వారం రోజులు కూర్చుని ప్రోగ్రాంను తిరగరాసింది. కామాలు తీసేసింది. బాక్సులు, కిలోలు, రూపాయలు లాంటి మాటలు సంఖ్య పక్కన ఉంటే వాటిని పక్కకు తీసి సంఖ్యను అందుకునేలా చేసింది. ధర హద్దు వాళ్ళ నాయననే అడిగి పెట్టింది. ప్రశ్నలు తెలుగులో రాసింది. మళ్ళీ శనివారం వచ్చింది. ఆయన మొదటిసారి లాగే నలభై బాక్సులు అని కొట్టాడు. తెర మీద "40 బాక్సులు. సరేనా?" అని వచ్చింది. ఆయన సరే నొక్కి, ధర కొట్టడానికి కుర్చీ ముందుకు జరుపుకున్నాడట.

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలకు నాదొక విన్నపం. ఈ ఆదివారం మీరు రాసిన ప్రోగ్రాంను మీ అమ్మకో నాయనకో అవ్వకో ఇవ్వండి. పక్కనే కూర్చోండి. ఇది కొట్టు, అది కొట్టు అని ఒక్క మాటా చెప్పకండి. వాళ్ళు ఏం కొడతారో ఉన్నదున్నట్టు ఒక కాగితం మీద రాసుకోండి. సోమవారం ఆ కాగితం ముందు పెట్టుకుని ప్రోగ్రాంను సరిచేయండి.